కూలి నిజంగా ఎంత పెరిగింది? గంట లెక్కన ఎవరైనా చూశారా?

గడియారం_సెంటర్
నాకు కొంచెం బంగారం ట్రేడింగ్ పిచ్చి ఉంది. నెలలో మొదటి శుక్రవారం సాయంత్రం ఆరింటికి (వాళ్ల చలికాలంలో ఏడింటికి) అమెరికా ఉద్యోగాల లెక్క వస్తుంది. ఒక్కోసారి ఉద్యోగాల సంఖ్య అనుకున్నంతే ఉంటుంది, అయినా బంగారం దబ్బున పడుతుంది. ఏంటా అని చూస్తే కింద ఇంకో లైన్ ఉంటుంది, సగటు గంట వేతనం అని. అది అనుకున్నదానికంటే ఒక పిసరు ఎక్కువ పెరిగితే చాలు, మార్కెట్‌కు జ్వరం. కూలి పెరిగితే మంచిదే కదా, అంత టెన్షన్ ఎందుకు? ఇది ఒక ప్రశ్న.

రెండోది మన దగ్గరి సంగతి. నల్గొండలో గడియారం దగ్గర కూలీల అడ్డా మీదికి పోయి, ఇంటి మీద ట్యాంకు కడగాలి, ఎంత అంటే 900 అన్నాడు. పోయిన ఏడాది ఇదే పనికి 700. మా నాన్న కూలి రేట్లు చేయి దాటిపోయాయని గంటసేపు తిట్టాడు. ఆ కూలాయన మాత్రం ఏమీ మిగలట్లేదు సార్ అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? మనకు నెలనెలా గంట కూలి లెక్క చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బత్తాయి_తోట
మన దగ్గర గంట అంటే గుళ్లోది, బడిలోది. కూలికి గంట ఎక్కడిది? పొద్దెక్కినంక రావడం, పొద్దుగూకితే పోవడం.

ఎకనామిక్స్_సార్
మొదటి ప్రశ్నకు నా జవాబు. హోటల్, ఆస్పత్రి, సెలూన్, రిపేర్ షాపు, వీటిలో ఖర్చులో పెద్ద ముక్క జీతాలే. జీతం పెరిగితే ఆ ఖర్చు నెమ్మదిగా బిల్లులోకి వస్తుంది. అమెరికా కేంద్ర బ్యాంకు ధరల పెరుగుదల ఏడాదికి 2 శాతం దగ్గర ఉండాలంటుంది. మనిషి గంటలో తీసే పని ఏడాదికి ఒకటిన్నర శాతం మెరుగైతే, కూలి మూడున్నర శాతం పెరిగినా ధరల మీద పెద్ద బరువు పడదు. అంతకంటే చాలా ఎక్కువ పెరిగితే వడ్డీ తగ్గించరేమో అని మార్కెట్ భయం. వడ్డీ తగ్గకపోతే వడ్డీ రాని బంగారానికి దెబ్బ. నీ జ్వరం అక్కడ పుట్టింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఫిలిప్స్ అనే ఆయన 1958లో బ్రిటన్ లెక్కలు (1861 నుంచి 1957 వరకు) తీసి, నిరుద్యోగం తగ్గితే కూలి వేగంగా పెరుగుతుందని గీత గీశాడు. క్లాసులో మేము ధరలు, నిరుద్యోగం అని చెబుతాం గానీ అసలు గీతలో ఉన్నది కూలి రేట్లే.

దేవరకొండ_రైతు
లెక్కలు కావాలంటే నా నోట్‌బుక్ ఉంది. 2014 వానాకాలం నుంచి ప్రతి కైకిలి (పొలం కూలి) రాసి పెట్టుకున్నా. పత్తిలో కలుపుకు ఆడకూలి, 2014లో సగటున 152 రూపాయలు. 2025లో 400. రెండున్నర రెట్లు దాటింది. పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు అప్పుడు 4050, 2025లో 8110. సరిగ్గా రెట్టింపు. వడ్లు ఇంకా అన్యాయం, 1360 నుంచి 2369కి వచ్చింది, రెట్టింపు కూడా కాలేదు. ఇప్పుడు చెప్పండి ఎవరికి చేయి దాటిందో. గడియారం తమ్ముడూ, మీ నాన్నది నిజం.

బత్తాయి_తోట
పదకొండేళ్ల నోట్‌బుక్! భార్యకు కూడా తెలియని లెక్కలు ఉంటాయి అందులో.

దేవరకొండ_రైతు
రాసేది ఆమెనే. నాకు చేతిరాత బాగుండదు.

కైకిలి_బిడ్డ
మా అమ్మ ముప్పై ఏళ్లుగా కైకిలికి పోతుంది కాబట్టి అడుగుతున్నా. రైతన్నా, 2014లో ఎన్ని గంటలకు 152? 400 ఎన్ని గంటలకు? అది రాశారా నోట్‌బుక్‌లో?

దేవరకొండ_రైతు
రాయలేదు చెల్లె, కానీ గుర్తుంది. అప్పుడు పొద్దున 9కి దిగితే సాయంత్రం 6, మధ్యలో గంట సద్దికి. అంటే 8 గంటలు. ఇప్పుడు 10కి వస్తారు, 4కు ఆటో హారన్ కొడతాడు. సద్ది అరగంట తీస్తే ఐదున్నర గంటలు. నువ్వు అడిగి మంచి పని చేశావు. గంట లెక్కన అప్పుడు 19 రూపాయలు, ఇప్పుడు దాదాపు 73. నాలుగు రెట్ల దగ్గరికి వచ్చింది! నేను అనుకున్నదానికంటే నా పని ఘోరంగా ఉంది.

గడియారం_సెంటర్
అమెరికాలో ఇంత పెరిగితే బంగారం పాతాళానికి పోతుంది.

కైకిలి_బిడ్డ
ఆగండి. ఆటో హారన్ కొడతాడు అన్నారు చూడండి, అక్కడే ఉంది సంగతి. ముందు మా అమ్మ మా ఊళ్లోనే నడిచి పోయేది, చేను పావుగంట దూరం. ఇప్పుడు పని ఉన్న ఊరికి ఆటోలో ముప్పావు గంట. ఆటో నిండేదాకా ఇంకో అరగంట చెట్టు కింద. ఎనిమిదికి ఇల్లు కదిలితే వచ్చేసరికి ఐదున్నర. తొమ్మిదిన్నర గంటలు. ఆ లెక్కన గంటకు 42. మీరు ఇచ్చేది ఐదున్నర గంటలకు, ఆమె ఖర్చు పెట్టేది తొమ్మిదిన్నర గంటలు. ఏ గంటతో భాగించాలి?

ఎకనామిక్స్_సార్
ఇచ్చేవాడి ఖర్చు చూడాలంటే ఐదున్నర, తీసుకునేవాడి బతుకు చూడాలంటే తొమ్మిదిన్నర. అమెరికా లెక్క కంపెనీలను అడిగి వేసేది. కాబట్టి అది ఇచ్చేవాడి గంట.

పాలమూరు_మేస్త్రీ
మా పనిలో గంట కొంచెం నయం. సెంట్రింగ్‌కు 9 నుంచి 6. ఆరు దాటి ఇంకో మూడు నాలుగు గంటలు చేస్తే ఒకటిన్నర కూలి. కానీ స్లాబ్ రోజు గుత్త, అయిపోయేదాకా ఎవడూ వాచీ చూడడు. పుణెలో ఎనిమిదేళ్లు చేశా. ఊళ్లో ఉన్నప్పుడు అడ్వాన్స్ తీసుకుని పోతాం, ఆ ఏడాదంతా రేటు అడ్వాన్స్ తీసుకున్న రోజుదే. బయట అడ్డాలో వంద పెరిగినా మాకు పెరగదు. మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు, ఆయనకూ ఇదే పద్ధతి, గుంపు మేస్త్రీ దగ్గరే లెక్క. పాలమూరు కూలి అంటే దేశమంతా తెలుసు. రేటు ఎంత పెరిగిందో పాలమూరోడికే ఆలస్యంగా తెలుస్తుంది.

డల్లాస్_నల్గొండ
నేను ఇక్కడ పేరోల్ సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నా, అందుకే రెండు ముక్కలు. ఈ సగటు గంట వేతనం అంటే పెద్ద మాయ ఏమీ లేదు. కంపెనీలు ఆ కాలంలో ఇచ్చిన మొత్తం జీతం, డబ్బు ఇచ్చిన మొత్తం గంటలు చెబుతాయి. పైదాన్ని కిందదానితో భాగించడమే. అందుకే తమాషాలు జరుగుతాయి. 2024 జనవరిలో ఒక్క నెలలో 0.6 శాతం పెరిగిందని తొలి లెక్క వచ్చింది, అందరూ గాబరా పడ్డారు. అదే నెలలో వారానికి సగటు పని గంటలు 34.1కి తగ్గాయి. చలికి, మంచుకు పని ఆగితే గంట కూలివాడి గంటలు పోతాయి, నెలజీతంవాడి జీతం అలాగే ఉంటుంది. భాగిస్తే గంట వేతనం పెరిగినట్టు కనబడుతుంది. ఎవరి జేబులోనూ పైసా పెరగకుండానే కొంత పెరుగుదల.

దీనికంటే పెద్దది 2020 ఏప్రిల్. కరోనాలో ఒక్క నెలలో 2 కోట్ల 5 లక్షల ఉద్యోగాలు పోయాయి, నిరుద్యోగం 14.7 శాతం. ఆ నెల సగటు గంట వేతనం ఏమైంది అనుకుంటున్నారు?

బత్తాయి_తోట
నేలకు కొట్టుకుని ఉంటుంది.

డల్లాస్_నల్గొండ
1.34 డాలర్లు పెరిగి 30.01 అయింది. ఒక్క నెలలో అంత ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే పోయింది హోటల్ సర్వర్లు, షాపుల్లో నిలబడేవాళ్లు, తక్కువ జీతం వాళ్లు. మిగిలింది ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లు. చిన్నవాళ్లను లైన్‌లోంచి తీసేస్తే క్లాసు సగటు ఎత్తు పెరిగినట్టు.

జడ్చర్ల_షిఫ్ట్
నాది ఉల్టా కేసు. కాంట్రాక్టర్ కింద ఒక ఫ్యాక్టరీలో ఉన్నా, పేరొద్దు. చేరినప్పుడు 8 గంటలు, నెలకు 13,000. తర్వాత జీతం పెంచాం అన్నారు, 15,000. ఇంట్లో స్వీట్ పంచాం. ఆ నెల నుంచే షిఫ్ట్ 12 గంటలు. 26 రోజులతో వేసుకోండి. ముందు గంటకు 62 రూపాయల 50 పైసలు. ఇప్పుడు 48. ఎవరైనా సర్వేకు వచ్చి జీతం అడిగితే పెరిగింది అనే రాసుకుపోతారు.

మిర్యాలగూడ_మిల్లు
రోజుకు 9 గంటలు, వారానికి 48 దాటితే రెట్టింపు రేటు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అడిగావా?

జడ్చర్ల_షిఫ్ట్
అడిగినాయన ఇప్పుడు ఊళ్లో గొర్లు కాస్తున్నాడు.

మిర్యాలగూడ_మిల్లు
సరే. నేను మిల్లులో లెక్కలు రాస్తా. హమాలీలకు రోజు లేదు, గంట లేదు, బస్తాకు ఇంత. సంఘానికీ మిల్లులకూ కొన్నేళ్లకోసారి ఒప్పందం. ఇందులో కూడా గమ్మత్తు ఉంది. ఒకప్పుడు వడ్ల బస్తా 75 కిలోలు, ఇప్పుడు కొనుగోలు సెంటర్ నుంచి వచ్చేది 40 కిలోలు. బస్తా రేటు పది పైసలు కూడా పెంచకపోయినా, అదే బరువుకు హమాలీకి దాదాపు రెట్టింపు వస్తుంది. కాగితం మీద పెరుగుదల సున్నా. ఇంకోవైపు, 75 కిలోలు మోసిన వాళ్ల నడుములు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఆ కాగితంలో ఉండదు.

నారాయణపేట_మగ్గం
చీరకు కూలి ఇచ్చే మా దాంట్లో ఇంకా చిక్కు. రెండు రోజుల్లో దిగే చీరకు నాకు 900 అనుకోండి. రోజుకు 450, ఎనిమిది గంటలతో చూస్తే 56 రూపాయలు, పరవాలేదు అనిపిస్తుంది. కానీ కండెలు చుట్టేది మా ఆవిడ. పడుగు సరిచేసేటప్పుడు మా అమ్మ కూడా కూర్చుంటుంది. వాళ్ల గంటలు కలిపితే ముప్పైకి దిగుతుంది. సేటు లెక్కలో పనిచేసింది ఒక్కడే.

ట్రాక్టర్_యాదగిరి
ఇంతసేపూ చదివా. మనిషికి గంట లేదని బాధపడుతున్నారు, నా ట్రాక్టర్‌కు ఉంది కదా. రోటవేటర్ గంటకు ఇంత అని ఊరంతా ఒకటే రేటు. వరికోత మిషన్‌కు మీటరే ఉంటుంది, నిమిషాలతో సహా లెక్క. డీజిల్ పెరిగిన వారంలో రేటు పెంచుతాం, ఎవరూ మాట్లాడరు. బియ్యం పెరిగిందని కైకిలామె పది రూపాయలు అడిగితే ఊళ్లో పంచాయితీ.

బత్తాయి_తోట
నేరుగా తగిలింది. ఈ రోజుకు ఇదే పోస్టు.

పల్లె_పెట్టుబడి
ఊరికే కష్టాలు చెప్పుకుంటున్నారు గానీ అసలు కారణం ఎవరూ అనట్లేదు. ఉచిత బియ్యం, పెన్షన్లు, ఉపాధి హామీ. జనం పనికి రావట్లేదు కాబట్టి రేటు పెరిగింది. బిహార్ వాళ్లు రాకపోతే మన దగ్గర నాట్లే పడవు.

పాలమూరు_మేస్త్రీ
పని చేయనివాడే అయితే పాలమూరోడు పుణె ఎందుకు పోతాడు భాయ్? ఇక్కడి కూలి కంటే అక్కడ ఎక్కువ కాబట్టి పోతాడు. బిహార్ వాడు కూడా అందుకే ఇక్కడికి వస్తాడు. బియ్యం వాళ్లకూ ఇస్తారు కదా.

ఎకనామిక్స్_సార్
ఉపాధి హామీ ప్రభావం అసలు లేదని నేను అనను. 2006లో మొదటి విడత 200 జిల్లాల్లోనే నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఇంతకంటే తక్కువకు రాను అని చెప్పే ధైర్యం ఆడకూలీలకు దానితో కొంత వచ్చింది. కానీ రేట్లు చూడండి. 2014-15లో 169, 2020-21లో 237, 2023-24లో 272, 2024-25లో 300, 2025-26లో 307. ఒక ఏడాది పది శాతం, మరుసటి ఏడాది రెండు శాతం చిల్లర. పదకొండేళ్లలో 1.8 రెట్లు. రైతుగారు ఇచ్చే కూలి అంతకంటే చాలా వేగంగా పెరిగింది. అంటే ఆయన రేటును పైకి లాగింది ఉపాధి హామీ ఒక్కటే కాదు. హైదరాబాద్ కట్టడాలు, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలు, పొలం పని వదిలి చదువులకు పోయిన పిల్లలు, అన్నీ ఉన్నాయి.

కైకిలి_బిడ్డ
ఆ 307 కూడా అందరికీ 307 కాదు సార్. మట్టి కొలత ప్రకారం. మా అమ్మకు ఎండాకాలం గట్టి నేలలో 200 దాటని వారాలు ఉన్నాయి.

దేవరకొండ_రైతు
బిహార్ వాళ్ల లెక్క కూడా చెప్తా. మా చుట్టాలకు సాగర్ ఎడమ కాలువ కింద పొలం. నాటుకు ఎకరం 5,000 గుత్త. పదిమంది గుంపు రోజుకు మూడు ఎకరాలు వేస్తారు. తలకు 1,500. వినడానికి గొప్పగా ఉంది. తెల్లారకముందు దిగి చీకటి పడ్డాక లేస్తారు, 12 గంటలు. గంటకు 125. అందులో తీసుకొచ్చినవాడి కమిషన్. మన ఆడవాళ్లు అదే మొత్తం రోజు కూలిగా అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. గుత్త అనేసరికి మాత్రం చేయి తానే జేబులోకి పోతుంది.

గడియారం_సెంటర్
సార్, నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. మన దేశంలో లెక్క ఎవరు వేస్తారు?

ఎకనామిక్స్_సార్
వేస్తారు. సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ఉంది. దేశంలో కొన్ని వందల ఊళ్లు ఎంచుకుని నెలనెలా పల్లె కూలి రేట్లు తెప్పిస్తుంది. 2013 నవంబర్ నుంచి 25 రకాల పనులు, అందులో 12 వ్యవసాయానివి. దున్నడం, నాట్లు, కోత, పశువుల పని, అటువైపు తాపీ, వడ్రంగం, కరెంటు పని. ఆడ, మగ వేరువేరు. రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లో రాష్ట్రాలవారీగా కనబడేది ఇదే. అయితే అంతా రోజు కూలి. గంటలు అడిగేది 2017లో మొదలైన కార్మిక సర్వే. వారంలో ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశావు, ఎంత వచ్చింది అని అడుగుతారు, కాబట్టి గంట కూలి తీయొచ్చు. 2025 నుంచి ఆ సర్వే నెలనెలా కూడా వస్తోంది, కానీ నెలవారీ కాగితంలో ఉండేది నిరుద్యోగం లెక్క. కూలి కోసం పెద్ద రిపోర్టు దాకా ఆగాలి. సాయంత్రం ఆరింటికి బంగారం పడేంత సీన్ మనకు లేదు.

రైతుగారి కోసం ఇంకో లెక్క. వ్యవసాయ కూలీల ధరల సూచీ (1986-87ని 100 అనుకున్నది) 2014లో 800 దగ్గర ఉండేది, 2025 మొదట్లో 1300 పైన ఉంది. అంటే అప్పటి 152 2025లో 247 అయితే కూలామె ఉన్నచోటే ఉన్నట్టు. మీరు ఇచ్చేది 400. ధరలు తీసేసినా పదకొండేళ్లలో 1.6 రెట్లు, ఏడాదికి నాలుగున్నర శాతం.

దేవరకొండ_రైతు
అంటే నిజంగానే పెరిగింది. చెల్లె ఒప్పుకుంటుందా?

కైకిలి_బిడ్డ
పని దొరికిన రోజు పెరిగింది, ఒప్పుకుంటా. గడ్డి మందు వచ్చాక ఎన్ని రోజులు దొరుకుతుంది? అప్పట్లో ఒక్కో చేనుకు మూడు సార్లు కలుపు. ఇప్పుడు ఒక్కసారి పిలిస్తే గొప్ప. మా అమ్మను పోయిన వానాకాలం మీలాంటి ఆసాములు అసలు పిలవలేదు. మోకాళ్లు నొప్పులు, వంగి వరుస పట్టలేదు అని. ఆమె కూలి ఎంత పెరిగింది అంటే ఏం రాస్తారు?

దేవరకొండ_రైతు
రాత్రి మా ఆవిడతో కూర్చుని నోట్‌బుక్ మళ్లీ తీశా. చెప్పకపోతే మనసొప్పదు.

2014లో కలుపుకు 20 మంది పేర్లు ఉన్నాయి. అందులో ఆరుగురు పెద్దవాళ్లు, వాళ్లకు 110 ఇచ్చాం. మిగతా 14 మందికి 170. సగటు వేస్తే 152, నేను ముందు చెప్పింది అదే. 2025లో ఏడుగురే. అందరూ గట్టివాళ్లు, ముగ్గురు పక్క ఊరి నుంచి. రెండు లిస్టుల్లోనూ ఉన్న పేర్లు నాలుగు. ఆ నలుగురికి 170 నుంచి 400. అంటే 2.35 రెట్లు, నేను చెప్పిన 2.6 కాదు. 110 వాళ్లు ఆరుగురిలో ఇద్దరు చనిపోయారు, మిగతా నలుగురు ఊళ్లోనే ఉన్నారు. నేను పిలవట్లేదు. వాళ్ల చేయి ఆడే పనిని స్ప్రే డబ్బా చేస్తోంది.

డల్లాస్_నల్గొండ
అన్నా, ఇది అచ్చం 2020 ఏప్రిల్. ఇక్కడ ఈ తప్పు పట్టుకోవడానికే అట్లాంటా ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకులో ఒక శాఖ) వాళ్లు వేరే లెక్క పెట్టారు. సగటులు పోల్చరు. అదే మనిషిని పన్నెండు నెలల తర్వాత మళ్లీ చూసి, అతని జీతం ఎంత మారిందో తీసి, అలాంటివన్నీ వరుసలో పెట్టి నడిమి సంఖ్య తీసుకుంటారు. మీరు వదినగారి నోట్‌బుక్‌తో అదే చేశారు.

ఎకనామిక్స్_సార్
నేను పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా, ఒక్కసారి కూడా ఇంత సూటిగా చెప్పలేదు. ఆ పేజీ ఫోటో పంపగలరా, పేర్లు కప్పేసి? క్లాసులో చూపిస్తా.

పల్లె_పెట్టుబడి
సరే, పనికి రావట్లేదు అన్న మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కొంచెమే.

కైకిలి_బిడ్డ
అన్నా, ఇంత ఒప్పుకుంటారని అనుకోలేదు. మీరు పిలవని ఆ నలుగురు పెద్దవాళ్లూ అడిగితే వేరుశనగ కాయ కొట్టడానికి, మిరపకాయ ముచ్చిక తీయడానికి వస్తారు. కూర్చుని చేసే పని. మా అమ్మ చేస్తుంది.

దేవరకొండ_రైతు
మిరప ఈసారి అరెకరం ఉంది. అడుగుతా. కిలో లెక్కా, రోజు లెక్కా?

కైకిలి_బిడ్డ
గంట లెక్క పెట్టి చూడండి ఒకసారి.

బత్తాయి_తోట
గడియారం భాయ్, నీ ట్యాంకు సంగతి ఏమైంది?

గడియారం_సెంటర్
ఆయనే వచ్చాడు. గంటన్నరలో కడిగేసి 900 తీసుకున్నాడు. గంటకు 600, డల్లాస్ అన్నకు చెబితే వచ్చేస్తాడు. పోయేముందు చాయ్ ఇచ్చి అడిగా. పొద్దున ఆరింటి నుంచి అడ్డా మీద ఉన్నాడట, నేను తీసుకొచ్చేసరికి పదకొండు. అంతకు ముందు రెండు రోజులు ఎవరూ పిలవలేదట. నాన్నకు గంటన్నర సంగతే చెప్పా, రెండు రోజుల సంగతి చెప్పేలోపే ఫోన్ వచ్చిందని లేచిపోయాడు.

దేవరకొండ_రైతు
నోట్‌బుక్‌లో మా ఆవిడ కొత్త గడి గీసింది, గంటలు అని. ఒక్క డౌటు. పొద్దున పదకొండుకు చాయ్ తాగే పావుగంట పనిలో కలపాలా, తీసేయాలా?

పాలమూరు_మేస్త్రీ
కలపండి. చాయ్ మీ ఇంట్లోదే అయితే తప్పకుండా కలపండి.

బత్తాయి_తోట
చక్కెర తక్కువైతే ఓవర్‌టైమ్ కింద రాయాలి.